మింజూరు బావుల ఉప్పు - క్రొమటోగ్రఫీ పఠనముల లెక్క

చెన్నపట్టణమునకు ఉత్తరమున ఆరణి, కొసస్థలై నదుల పల్లపు సీమలో మింజూరు కలదు. ఆరణి చిత్తూరు సీమ కొండలలో పుట్టి పులికాటు సరస్సును జేరుచున్నది. నగరి యేరు కొసస్థలైలో గలియుచున్నది. కావున ఈ యిసుకపొరలలోని మంచినీటిలో తెలుగునాటి వానకును పాలు గలదు. 1960ల ఉత్తరార్ధమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో ఇచటి భూగర్భజలము పరిశోధింపబడెను. పిమ్మట గొట్టపుబావుల నీరు నగరమునకు బోసాగెను. సేద్యమునకును విరివిగా తోడుటచే నీటిమట్టము దిగి, సముద్రజలము లోనికి జొచ్చెను. భూగర్భజల వినియోగమును క్రమబద్ధము చేయుటకు 1987లో చట్టము వచ్చెను. 2010లో సమీపమున కాట్టుపల్లివద్ద సముద్రజలమును మంచినీరుగా మార్చు కర్మాగారము వెలసెను.

బావినీరు ఉప్పనైనంతమాత్రమున అది సముద్రజలమే యని నిర్ణయింపరాదు. మురుగునీటిలోను క్లోరైడు కలదు. ఇచట సాక్ష్యము చెప్పునది బ్రోమైడు. సముద్రజలము లీటరునకు క్లోరైడు సుమారు 19,000 మిల్లీగ్రాములుండ, బ్రోమైడు సుమారు 67 మాత్రమే. ఈ నిష్పత్తి నూటికి రెండుపాళ్లు సముద్రజలము గలిసిన బావిలోను దాదాపు నిలుచును. అట్టి బావిలో సముద్రమునుండి వచ్చిన క్లోరైడు 380 యుండును. మన ప్రమాణము ననుసరించి త్రాగునీటికి కోరదగిన హద్దు 250. బ్రోమైడు 1.3 మాత్రమే. ఆ స్వల్పాంశమును సరిగా కొలువనిచో నిర్ణయము తారుమారగును.

వార్సాలో 1903లో ట్స్వెట్ పండితుడు ఆకుల రంగులను వేరుచేసిన పద్ధతి క్రొమటోగ్రఫీకి నాంది. మార్టిన్, సింజ్ పండితులు దానిని పెంపొందించి 1952లో నోబెల్ బహుమతి నందిరి. 1975లో స్మాల్ పండితుడును సహచరులును అయానులను వేరుచేసి, విద్యుద్వాహకతచే గుర్తించు విధానమును ప్రకటించిరి. తొలినాళ్లలో డిటెక్టరు సంకేతమును కదలు కాగితముపై కలము ఎడతెగక గీయుచుండెను. గణనయంత్రము వచ్చిన పిదప ఆ గీత చుక్కలుగా మారెను. ఎన్ని చుక్కలు తీయవలెనను ప్రశ్న అప్పుడు పుట్టెను.

బ్రోమైడు శిఖరము అడుగున 20 సెకనులు వెడల్పుగలదనుకొందము. నాలుగు సెకనుల కొక పఠనము దీసినచో అయిదు చుక్కలే దొరకును. శిఖరాగ్రము రెండు చుక్కల నడుమ జారిపోవచ్చును. సెకనున కొకటి చొప్పున ఇరువది దొరకును. పరిమాణమును గణించుటకు అవి చాలును. సెకనునకు ఏబది దీసినచో క్రొత్త విషయము రాదు, రొద మాత్రము హెచ్చును. రొదను చదునుచేయు కాలస్థిరాంకమును శిఖరపు వెడల్పులో పదవవంతునకు మించనీయరాదు. మించినచో పొరుగునున్న క్లోరైడు మహాశిఖరపు తోక సాగి, బ్రోమైడును గప్పివేయును. కావున మిక్కిలి సన్నని శిఖరమును బట్టియే పఠనముల లెక్కను నిర్ణయింపవలెను.

బావులకును ఇదే న్యాయము. ఏటి కొకమారు దీసిన నీరు వానకాలపు తీపినో, వేసవి యుప్పునో ఒకదానినే చూపును. రెండు కాలములందును దీసి, యంత్రములోను తగినన్ని పఠనములు దీసినగాని, ఆ యుప్పు ఎచటిదో సరిగా దెలియదు. సముద్రమే కారణమైనచో తోడకమును తగ్గించి వాననీటి నింకింపవలెను. మురుగే యైనచో కాలువను జక్కబరుపవలెను. ఒకదానికి వేరొకదాని మందు వేసినచో, నష్టపోవునది బావి గల రైతే.