రోమన్ సహాయక దళాల బొమ్మల సైన్యం

రోమన్ సహాయక దళాల బొమ్మల సైన్యం అనగా క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటి రోమన్ సామ్రాజ్యపు "ఆక్సిలియా" పదాతి దళాలను నమూనాగా గ్రహించి కూర్చిన చిన్న సైనికుల బొమ్మల సముదాయం. వీటిని ప్రదర్శనకూ, బల్లపై ఆడే యుద్ధక్రీడలకూ ఉపయోగిస్తారు. 15, 28 మిల్లీమీటర్ల కొలతల బొమ్మలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఒకే దళంలోని సైనికులు సైతం ఒకరినొకరు పోలకుండా ఉండటం మంచి సైన్యానికి లక్షణం.

చారిత్రక నేపథ్యం

తొలినాళ్ళలో రోమన్ పౌరసత్వం లేనివారే ప్రధానంగా సహాయక దళాలలో చేరేవారు. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని దాదాపు స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇవ్వడంతో ఈ భేదం చాలావరకు తొలగిపోయింది. 4వ శతాబ్దం నాటికి "ఆక్సిలియా పలాటినా" అనే శ్రేష్ఠ దళాలు ప్రాముఖ్యం పొందాయి. వీటిలో కోర్నూతి, బ్రాకియాతి దళాలు 357లో స్ట్రాస్‌బర్గ్ వద్ద పోరాడాయి. 360లో పారిస్‌లో జూలియన్‌ను చక్రవర్తిగా ప్రకటించిన సైనికులలో పెతులాంతెస్, కెల్తే దళాలవారు ఉన్నారు.

వైవిధ్యానికి ఆధారాలు

ఆయుధాలు ప్రభుత్వ కర్మాగారాలలో తయారైనప్పటికీ అందరి వేషం ఒకే తీరున ఉండేదనుకోవడం పొరపాటు. హంగేరీలోని ఇంటర్సీసాలో సాదా ఇనుప శిరస్త్రాణాలు లభించగా, నెదర్లాండ్స్‌లోని డ్యోర్న్ వద్ద 1910లో బంగారు పూత గల వెండి తొడుగుతో చేసిన శిరస్త్రాణం బయటపడింది. పన్నోనియా టోపీలు ధరించే అలవాటునూ, ఒక్కొక్క దళానికి డాలుపై ఒక్కొక్క గుర్తు చిత్రించే పద్ధతినీ వెజీషియస్ పేర్కొన్నాడు.

డాళ్ళ చిత్రాలకు ముఖ్యాధారం "నోటీషియా డిగ్నిటేటమ్" అనే అధికారుల పట్టిక. అయితే దాని మూలప్రతి నేడు లేదు. స్పేయర్ నగరంలో ఉండి పిదప కనుమరుగైన ప్రతి నుండి 15, 16 శతాబ్దాలలో తీసిన నకళ్ళే మిగిలాయి. నకళ్ళ మధ్య రంగులలో తేడాలున్నాయి. కావున ఏ డాలు రంగునైనా తిరుగులేని సత్యంగా భావించరాదు.

తయారీ విధానం

తగరం కలిసిన మిశ్రమలోహంతో గాని, గట్టి ప్లాస్టిక్‌తో గాని బొమ్మలను పోతపోస్తారు. ప్లాస్టిక్ బొమ్మలకు తల, చేతులు, డాలు విడివిడిగా లభిస్తాయి. ఐదు రకాల తలలను నాలుగు రకాల మొండెములతో జతచేస్తే ఇరవై రూపాలు ఏర్పడతాయి. ఈటె వంపు, అంగీ రంగు, గడ్డం మార్చితే వైవిధ్యం ఇంకా పెరుగుతుంది. డాలు గుర్తును మాత్రం దళమంతటికీ ఒకటిగా ఉంచుతారు. అది లేనిచో చూచేవారికి దళం గుంపుగా తోస్తుంది.

తెలుగునాట పోలికలు

అవయవాలను విడిగా చేసి అతికే పద్ధతి కొండపల్లి బొమ్మలలోనూ కలదు. తెల్ల పొణికి కర్రతో చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పిదప రంగులు వేస్తారు. ఒకే నమూనా బొమ్మలైనా చేతిపని వలన ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి. రోమన్ బొమ్మల సైన్యం కూర్చేవారు కోరేదీ ఈ సజీవత్వాన్నే.