తులసిదళం మీద పెన్సిల్ రాతలు

ప్రతి ఏడూ అక్టోబరు నెల వచ్చేసరికి మా వీధిలో ఒక తమాషా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు అమెరికన్ల గుమ్మాల ముందు అస్థిపంజరాలు వేలాడుతుంటాయి. కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయలు మెట్ల మీద కూర్చుంటాయి. ఆ పక్కనే మన ఇళ్ళ ముందు దీపావళికి ప్రమిదలు సిద్ధమవుతుంటాయి. వాళ్ళు చీకటిని పిలిచి మిఠాయి పెడతారు, మనం దీపం పెట్టి దాన్ని పొమ్మంటాం! పోయిన ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి "నాన్నా, మన తెలుగులో దయ్యాల నవలలు లేవా?" అని అడిగింది.

"లేకేం!" అని పౌరుషంగా బేస్‌మెంట్‌లోకి వెళ్ళి, ఇండియా నుంచి తెచ్చిన పెట్టె విప్పి, యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' తీసి చేతికిచ్చాను. అమ్మాయికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. కథ మొదలుపెట్టకుండానే పేజీల అంచులు చూస్తూ, "ఇవేమిటి? పుస్తకం మీద ఎవరు రాశారు?" అంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు. కాస్త పొడుగు జవాబు. పాఠకులు మన్నించాలి.

ఆ పుస్తకం ఖమ్మంలో మా వీధి చివర ఉన్న అద్దె లైబ్రరీది. రోజుకి అర్ధరూపాయి అద్దె. నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, అంటే 1995లో, ఆ లైబ్రరీ మూతపడుతుంటే పుస్తకాలు తూకానికి అమ్మేశారు. అప్పుడు కొనుక్కున్నాను. అప్పటికే అది ఎన్ని చేతులు మారిందో! అద్దె పుస్తకాలు చదివినవాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో పాఠకులు తమ అభిప్రాయాలు పత్రికలకి ఉత్తరాలుగా రాసేవారు, ఓపిక లేనివాళ్ళు పుస్తకం మీదే రాసేసేవారు. నా ప్రతిలో అటువంటి చేతిరాతలు నాలుగున్నాయి. ఒకరు "రాత్రిపూట ఒంటరిగా చదవకండి" అని హెచ్చరించారు. ఇంకొకరు గుండ్రటి అక్షరాలతో "ఇదంతా నిజమే, మా ఊళ్ళో చూశాం" అన్నారు. ఆయన కిందే మరొకరు గట్టిగా నొక్కి, "చదువుకున్నవాళ్ళు కూడా ఇలాంటివి నమ్మితే దేశం బాగుపడినట్టే" అని వెక్కిరించారు. నాలుగోది నా చేతిరాతే. పదహారేళ్ళ పొగరుతో చివరి పేజీలో "మంత్రాలకి చింతకాయలు రాలవు" అని రాశాను.

ఈ తరం వారి కోసం ఆ నవల చరిత్ర కొంచెం చెప్పాలి. 1980 ప్రాంతంలో 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తులసి అనే చిన్నపిల్ల మీద 'కాష్మోరా' అనే క్షుద్రప్రయోగం జరగడం అందులో కథ. పత్రిక ఇంటికి రాగానే ఎవరు ముందు చదవాలని వదినా మరదళ్ళు పోట్లాడుకున్న రోజులవి. మా అమ్మ తరం వారిని అడగండి, వారం వారం ఎలా ఎదురుచూశారో చెబుతారు. తరువాత దానికి కొనసాగింపుగా 'తులసి' వచ్చింది. 1986లో 'కాష్మోరా' పేరుతో తెలుగు సినిమా వచ్చింది. ఆ మాటకి ఎంత బలముందంటే, 2016లో కార్తి నటించిన తమిళ సినిమాకి కూడా అదే పేరు పెట్టుకున్నారు.

ఆ నవల కేవలం దయ్యం కథ అయితే ఇంత గొడవ జరిగేది కాదు. రచయిత చాలా తెలివిగా ఒకవైపు మంత్రగాళ్ళనీ, మరోవైపు డాక్టర్లనీ హిప్నాటిజాన్నీ నిలబెట్టి కథ నడిపారు. పాఠకుడు తనకి కావలసిన సగం తీసుకున్నాడు. నమ్మేవాళ్ళకి మంత్రం దొరికింది, నమ్మనివాళ్ళకి వైద్యం దొరికింది. అందుకే ఒకే పేజీ అంచున "నిజమే" అనీ, "బూటకం" అనీ రెండు రాతలూ పడ్డాయి. ఈ తూకాన్ని గట్టిగా ఎదిరించినవారు రంగనాయకమ్మ గారు. 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఒక పాపులర్ నవలని అంత పట్టుగా తీసుకుని, దానికి జవాబుగా పుస్తకం రాయడం మన భాషలో తరచుగా జరిగే పని కాదు. ఆ వాదంలో ఎవరి పక్షాన ఉన్నా సరే, నవలని అంత సీరియస్‌గా తీసుకున్న పాఠకలోకం ఒకటి మనకి ఉండేదని గర్వపడవచ్చు.

అమెరికాలోనూ ఇటువంటి కథే జరిగింది. మేము ఉండేది మేరీలాండ్‌లో. చుట్టాలు వచ్చినప్పుడు వాషింగ్టన్ చూపించడం మా ఇంటి ఆచారం. వైట్ హౌస్, లింకన్ మెమోరియల్ అయ్యాక జార్జిటౌన్‌లో 75 నిటారు మెట్లున్న ఒక ఇరుకు సందు దగ్గరికి తీసుకెళ్తాను. 'ది ఎక్సార్సిస్ట్' సినిమాలో పాదిరీ దొర్లిపడే మెట్లు అవే. 2015లో అక్కడ ఒక ఫలకం కూడా పెట్టారు. ఆ నవల రాసిన విలియం పీటర్ బ్లాటీ 1949లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. మా మేరీలాండ్‌లోనే ఒక పిల్లవాడికి దయ్యం పట్టిందనీ, పాదిరీలు వదిలించారనీ ఆ ఏడు ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ రాసిన వార్త ఆయన మనసులో ఉండిపోయింది. 1971లో నవల, 1973 డిసెంబరులో సినిమా వచ్చాయి. చలిలో గంటల తరబడి జనం క్యూలలో నిలబడ్డారు. హాల్లో మూర్ఛపోయినవారూ ఉన్నారు. 1975లో జేమ్స్ బొజుటో అనే సైకియాట్రిస్టు, ఆ సినిమా చూశాక మనసు చెదిరిన నలుగురి గురించి వైద్యపత్రికలో వ్యాసమే ప్రచురించాడు. అంటే ప్రేక్షకుల అభిప్రాయం కేస్ షీటుకి ఎక్కిందన్నమాట!

నవ్వుకోవడానికి ఇది బాగానే ఉంది కానీ, అదే రోజుల్లో జర్మనీలో జరిగింది నవ్వే విషయం కాదు. అనెలీస్ మిషెల్ అనే 23 ఏళ్ళ అమ్మాయికి మూర్ఛ జబ్బు ఉండేది. మందులు వాడుతున్నా ఆమెకి దయ్యం పట్టిందని ఇంట్లోవాళ్ళు నమ్మారు. ఇద్దరు పాదిరీలు 67 సార్లు భూతవైద్యం చేశారు. తిండి మానేసి, చిక్కి శల్యమై 1976 జులై 1న ఆమె చనిపోయింది. 1978లో కోర్టు ఆ పాదిరీలనీ, తల్లిదండ్రులనీ దోషులుగా తేల్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ దేశంలోనే సేలం ఉంది. బోస్టన్‌లో కొందరు పిల్లలకి చేతబడి జరిగిందని వర్ణిస్తూ కాటన్ మాథర్ అనే మతగురువు 1689లో ఒక పుస్తకం వేశాడు. మూడేళ్ళ తర్వాత, 1692లో, సేలంలో ఆడపిల్లలు కొందరు మెలికలు తిరిగిపోతూ కేకలు పెట్టారు. చూసినవాళ్ళకి ఆ బోస్టన్ పిల్లలే గుర్తొచ్చారు. చూసిన వైద్యుడు కూడా ఇది దుష్టశక్తి పని అన్నాడట. 19 మందిని ఉరి తీశారు, ఒక ముసలాయనని బండరాళ్ళ బరువు కింద చంపారు. ఆ విచారణలని మొదట సమర్థించిన జాన్ హేల్ అనే పక్క ఊరి మతగురువు, తన భార్య మీద కూడా నింద పడేసరికి ఆలోచనలో పడ్డాడు. తాము పొరపాటు చేశామని ఒప్పుకుంటూ 1697లో పుస్తకం రాశాడు. ఆయన పోయాక 1702లో అది అచ్చయింది. అభిప్రాయం మార్చుకోవడానికి ఆయనకి అయిదేళ్ళు పట్టింది. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

1998 వేసవిలో నేను మెడిసిన్ మొదటి సంవత్సరం ముగించి సెలవులకి మా పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. పెద్దమ్మ కూతురు నాకంటే ఏడాది పెద్ద, డిగ్రీ చదువుతోంది. మంచి చదువరి. వారం రోజుల్లో మనిషి మారిపోయింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఎవరో గోడ మీద కూర్చున్నారనేది. ఎన్నడూ అనని మాటలు అనేది. తరువాత మూతి వంకరగా కదలడం, చేతులు గాలిలో తిప్పడం, ఆ పైన కొయ్యబారి పడుకుండిపోవడం. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు. భూతవైద్యుడు వచ్చి అంజనం వేసి చూసి, చేతబడి అనీ, చేసింది తూర్పు దిక్కున ఒంటరిగా ఉండే ఆడదనీ చెప్పాడు. తూర్పున ఉన్నది ఒక్క అవ్వ. మా చిన్నప్పుడు తాటిముంజలు తెచ్చి, మా వేళ్ళకి అందేలా గుంటలు చేసి ఇచ్చిన అవ్వ. ఆమె గుడిసె మీద రాళ్ళు పడ్డాయి. బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వలేదు. పళ్ళు ఊడగొడితే మంత్రం పారదు అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక రాత్రి ఆమె మూట కట్టుకుని కూతురి ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి నెల దాటింది. అక్కడి డాక్టరు గారు చేతనైన పరీక్షలన్నీ చేయించి, "ఏమిటో తెలియడం లేదమ్మా" అన్నారు. తొమ్మిదో రోజున అక్క పోయింది.

అవ్వ గుడిసె మీద రాళ్ళు పడిన రోజున నేను అక్కడే ఉన్నాను. పుస్తకం మీద అంత ధాటిగా చింతకాయల సామెత రాసిన నేను, వాకిట్లో నిలబడి నోరు మెదపలేదు. పెద్దవాళ్ళ ముందు ఏం మాట్లాడతాం అనుకున్నాను. ఏమో, నిజమేనేమో అని లోపల ఒక మూల అనుకున్నాను కూడా. ఇన్నాళ్ళూ ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2007లో ఫిలడెల్ఫియాలో పనిచేస్తున్న జోసెప్ దల్మౌ అనే న్యూరాలజిస్టు బృందం ఒక కొత్త జబ్బుని బయటపెట్టింది. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేస్తుంది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకి వస్తుంది. కొందరిలో అండాశయంలోని ఒక గడ్డ దీనికి మూలం. నిద్ర పోవడం, భ్రాంతులు, మూతి వింతగా కదలడం, కొయ్యబారడం, అన్నీ అందులో ఉన్నాయి. 2013లో 577 మంది రోగుల వివరాలు లాన్సెట్ న్యూరాలజీలో వచ్చాయి. రెండేళ్ళ తర్వాత కూడా గమనించగలిగిన రోగులలో 81 శాతం మంది బాగా కోలుకున్నారు. మొదటిసారి ఆ లక్షణాల పట్టిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కకి వచ్చింది అదేనని నేను చెప్పలేను, పరీక్ష జరగలేదు కాబట్టి. 1998లో ఆ జబ్బుకి ప్రపంచంలో ఎక్కడా పేరు లేదు. మొదటి రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళినా బతికేదని ప్రమాణం చేయలేను.

కాని ఒకటి మాత్రం చెప్పగలను. ఆ నెలలో అక్క జబ్బు ఎవరికీ తెలియదు, భూతవైద్యుడికీ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. తెలియదని డాక్టరు గారు ఒప్పుకున్నారు. భూతవైద్యుడు తెలిసినట్టు ఒక మనిషిని చూపించాడు. డాక్టరు గారి మాటతో మాకు దుఃఖం మిగిలింది. భూతవైద్యుడి మాటతో ఒక ముసలామె ఊరు పోయింది. సేలం వైద్యుడు కూడా ఆనాడు తెలియదని ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఇందులో నవల తప్పు లేదు. మా ఊరి భూతవైద్యుడు 'తులసిదళం' చదవలేదు, అతని విద్య అచ్చుయంత్రం కంటే పాతది. భయపెట్టే కథలు ఉండాలి, పిల్లలు వణుకుతూ చదవాలి. రంగనాయకమ్మ గారి వంటివారు వాటిని నిలదీయాలి కూడా. కాని నా ప్రతిలోని నాలుగు రాతలూ మళ్ళీ చూస్తే, నమ్మినవారూ నమ్మనివారూ ఉన్నారే గాని, "నాకు తెలియదు" అని రాసినవారు ఒక్కరూ లేరు. నాదైతే మరీ తప్పు. నమ్మను అని రాయడం సులువే, నమ్మని మాట వాకిట్లో చెప్పడమే కష్టం.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ అవ్వ పేరేమిటి నాన్నా?" అంది. నాకు గుర్తు లేదు. అవ్వ అనే పిలిచేవాళ్ళం. మా పెద్దమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ దీపావళికి మా గుమ్మంలో ఒక ప్రమిద అక్క పేరున, ఒక ప్రమిద అవ్వ పేరున వెలిగించాం.

పుస్తకం ఇప్పుడు మా అమ్మాయి గదిలో ఉంది. నెమ్మదిగా చదువుతోంది. పెన్సిల్ కూడా పక్కనే పెట్టుకుంది.