మోక్షగుండం విశ్వేశ్వరయ్య: ప్రజాపనుల శాఖలో ఒక ఉద్యోగ జీవితం

విశ్వేశ్వరయ్య పేరు మీకు కొత్త కాదు. సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం ఎందుకు జరుపుతారో బడిలోనే చదివి ఉంటారు. ఈ పాఠంలో మాత్రం ఆయనను మహనీయునిగా కాక, వలస ప్రభుత్వంలో జీతానికి పనిచేసిన ఇంజనీరుగా చూడండి. అప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. మంచి పేరు వచ్చిన దశలో ఆయన బొంబాయి ప్రభుత్వ ఉద్యోగాన్ని ఎందుకు వదులుకున్నారు?

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. పుట్టింది మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో. పూనాలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. సింధులోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం నిర్మించారు. 1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి, నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే తలుపులు అమర్చారు.

పదోన్నతులు త్వరగానే వచ్చాయి. వెనుకబడిన సీనియర్లకు అది నచ్చలేదు. పైగా చీఫ్ ఇంజనీరు పదవి ఆ రోజుల్లో సాధారణంగా ఆంగ్లేయులకే దక్కేది. తనకు అది అందే అవకాశం లేదని గ్రహించి, పింఛనుకు కావలసిన 25 ఏళ్ల సర్వీసు నిండకముందే, 1908లో ఆయన తప్పుకున్నారు. ప్రభుత్వం ప్రత్యేకంగా పరిగణించి పింఛను మంజూరు చేసింది. ప్రతిభను వాడుకుంటూనే పై మెట్టు మూసి ఉంచే ఈ పద్ధతిని గమనించండి. వలస పాలన స్వభావం చట్టాల్లోనే కాదు, ఇలాంటి సర్వీసు వ్యవహారాల్లోనూ కనిపిస్తుంది.

అదే ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. మృతులు సుమారు 15,000 మంది అని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారంటారు. వీలైతే ఆ చెట్టును ఒకసారి చూసి రండి. పాఠంలోని అంకెలకు అప్పుడు బరువు వస్తుంది.

నిజాం ప్రభుత్వం పిలుపుపై విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో వచ్చారు. చాలినన్ని వర్షపాత లెక్కలు ఇక్కడ లేకపోవడంతో బొంబాయి, మద్రాసు లెక్కలు తెప్పించారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుండగా, వాటిలో 221 తెగిపోయాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కిందిచెరువు కట్టను కోసేస్తుంది. గొలుసుకట్టు చెరువుల ఊళ్లో పెరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వరద ఉద్ధృతిని ఆయన సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులుగా లెక్కగట్టారు. నగరంలో నది మోయగలిగినది అందులో కొంతే. కాబట్టి మిగిలినదాన్ని పైనే ఆపి మెల్లగా వదలాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్న సిఫారసుకు ఆధారం ఇదే. 1909 అక్టోబరులో నివేదిక ఇచ్చి, నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. బొంబాయిలో అందని పదవి స్వదేశీ సంస్థానంలో దక్కింది.

‘జంట జలాశయాలను విశ్వేశ్వరయ్య కట్టించారు’ అని జవాబు పత్రాల్లో ఏటా చదివేవాణ్ణి. మీరు అలా రాయకండి. ఆయన ఇచ్చింది పథకం. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ ఏళ్లన్నీ పనిచేసింది హైదరాబాదు ప్రజాపనుల శాఖ. ఆ శాఖ చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆ తరువాత మంజీర మీద నిజాంసాగర్‌నూ నిర్మించారు. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన పేరు చాలా ఆలస్యంగా చేరింది.

1929లో సింధులోని సుక్కూరు బ్యారేజి పనులను పరిశీలించడానికి బొంబాయి ప్రభుత్వం ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. ఆ ఇద్దరిలో ఒకరు అలీ నవాజ్ జంగ్. రెండోవారు, ఒకప్పుడు అదే సుక్కూరుకు మంచినీళ్లు తెచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు.