కుండలినీ సాధన: ఏకాంత కుటీరం నుండి ధ్యాన శిబిరం వరకు

నేడు కుండలినీ ధ్యాన శిబిరాలు అనేక స్థలాలలో జరుగుతున్నాయి. కొన్ని దినాల కాలనియమం ఏర్పరచి, బహుసంఖ్యాక సాధకులను ఒక్కచోట కూర్చుండబెట్టి, ప్రాణాయామ ధ్యానాదులను ఉపదేశిస్తారు. శ్రద్ధతో వెళ్లేవారిని నిరుత్సాహపరచడం ధర్మం కాదు. అయితే ఈ విద్య పూర్వం ఎట్లుండేదో, ఏ మార్గాన శిబిరం వరకు వచ్చిందో తెలిసి వెళ్లడం శ్రేయస్కరం.

క్రీ.శ. 15వ శతాబ్దానికి చెందినదిగా పండితులు భావించే హఠయోగప్రదీపికలో స్వాత్మారామ యోగీంద్రుడు సాధనాస్థలాన్ని వర్ణించాడు. అది ధర్మపాలన గల దేశంలో, ఉపద్రవం లేని ఏకాంత ప్రదేశంలో, చిన్న ద్వారం గల చిన్న కుటీరం. అందులో సాధకుడు ఒక్కడే. ఆహారం మితం, ఉదరంలో నాలుగవ భాగాన్ని శూన్యంగా విడవాలని నియమం. అభ్యాసమంతా గురూపదిష్ట మార్గంలోనే సాగాలి. కుండలినీ ప్రబోధాన్ని బోధించే గ్రంథమే ఇన్ని హద్దులను విధించడం గమనార్హం.

శ్రీవిద్యా సంప్రదాయంలోనూ ఇదే జాగరూకత కనిపిస్తుంది. గజపతి ప్రతాపరుద్రుని ఆస్థానాన్ని అలంకరించిన లొల్ల లక్ష్మీధర పండితుడు సౌందర్యలహరికి వ్యాఖ్యానం రచిస్తూ సమయాచారాన్ని ప్రతిష్ఠించాడు. షట్చక్రాలలో దేవిని అంతర్యాగంగా ఆరాధించే ఆ విధానం బాహ్యప్రదర్శనకు ఏమాత్రం లొంగేది కాదు. గురుముఖతః పొందవలసిందే.

1577లో వంగదేశీయుడైన పూర్ణానంద యతి శ్రీతత్త్వచింతామణిని రచించాడు. అందులోని షట్చక్రనిరూపణ భాగాన్ని కలకత్తా ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తి సర్ జాన్ వుడ్రాఫ్ ఆంగ్లంలోకి అనువదించి, ఆర్థర్ అవలాన్ అనే నామంతో 1919లో ప్రకటించాడు. 1932లో జ్యూరిచ్ నగరంలో మనశ్శాస్త్రవేత్త కార్ల్ యుంగ్ ఇదే విషయంపై ఉపన్యాసాలిచ్చాడు. ఇట్లు విద్య ముద్రణకెక్కి లోకానికి అందింది. ఇది మేలే. కాని పుస్తకం చక్రాలను వర్ణించగలదు. పాఠకుని ముఖవర్ణం మారినప్పుడు అది చూడలేదు. ఈ భేదం ఎంతటిదో సమీప కాలానికి చెందిన రెండు జీవితాలు చూపుతాయి.

మొదటివారు కావ్యకంఠ గణపతి ముని. 1878లో బొబ్బిలి సమీపాన కలువరాయి గ్రామంలో జన్మించిన ఈ ఆంధ్ర మహాపండితుడు బాల్యం నుండి మంత్రజప తపోనిరతుడు. 1907లో అరుణాచలంపై శ్రీ రమణ మహర్షిని ఆశ్రయించి, మంత్రధ్వని ఎచట నుండి ఉద్భవిస్తుందో పరికించమనే ఉపదేశాన్ని పొందారు. 1922లో అరుణగిరిపై మామిడి గుహలో తపస్సు చేస్తుండగా వారికి కపాలభేదం సంభవించిందని శిష్యపరంపర చెబుతుంది. శరీరం భరించలేని శక్తిప్రవాహం శిరస్సును పీడించింది. వారు మహర్షి సన్నిధికి వెళ్లగా, మహర్షి శిరస్సుపై కరస్పర్శ చేసి ఓదార్చారని ఆ వృత్తాంతం. అంతటి విద్వాంసునికి సైతం ఆ సమయంలో వెళ్లదగిన ఒక చోటు ఉండటమే ఇక్కడి విశేషం.

రెండవవారు కాశ్మీర దేశీయుడైన గోపీకృష్ణ. ప్రభుత్వోద్యోగి, గృహస్థు. సంవత్సరాల తరబడి ప్రతి ఉషఃకాలంలోనూ శిరఃకమలాన్ని ధ్యానించేవారు. 1937 డిసెంబరు మాసంలో, తమ 34వ ఏట, జమ్మూలో అకస్మాత్తుగా వెన్నెముక మార్గాన తేజఃప్రవాహం పొంగి శిరస్సును చేరింది. తరువాత వచ్చినది ఆనందం కాదు. నిద్రాభంగం, ఆహారవైముఖ్యం, అంతర్దాహం, భయం. దిక్కు చూపగల అనుభవజ్ఞుడు వారికి లభించలేదు. దాహం పింగళానాడీ ప్రకోపమని ఊహించి, ఇడాప్రవాహాన్ని భావించి, నియతాహారాన్ని పాటించి ప్రాణం నిలుపుకొన్నారు. స్థిమితపడటానికి ఏళ్లు పట్టింది. 1967లో ప్రకటించిన ఆత్మకథలో వారు ఈ కష్టాన్ని ఏమాత్రం దాచలేదు.

ఇరువురూ నిష్ఠాపరులే, ఇరువురికీ శరీరబాధ తప్పలేదు. ఒకరికి బాధను తెలిసిన సన్నిధి ఉంది. మరొకరు చీకటిలో తడుముకోవలసి వచ్చింది.

ఇక గురునామం ఒక్కటే రక్ష అనుకోవడమూ పొరపాటే. 1969లో యోగి భజన్ అమెరికాలో సంస్థను స్థాపించి, కుండలినీ యోగాన్ని మహాశిబిరాల ద్వారా వ్యాపింపజేశాడు. ఆయన 2004లో మరణించాడు. శిష్యురాండ్రను లైంగికంగా పీడించాడన్న ఆరోపణలపై ఆ సంస్థలే విచారణ జరిపించగా, వాటిలో పలు ఆరోపణలు నిజమయ్యే సంభావ్యతే అధికమని 2020లో నివేదిక వెలువడింది. కనుకనే శాస్త్రం శిష్యుని పరీక్షించమని గురువుకు చెప్పినట్లే, గురువును పరీక్షించమని శిష్యునికీ చెప్పింది.

ఈ చరిత్ర నుండి శిబిరానికి వెళ్లే సాధకుడు గ్రహించవలసినది స్పష్టం. ప్రవేశానికి ముందు వారు నా ఆరోగ్యాన్ని, ఆహారాన్ని, నిద్రను, పూర్వసాధనను విచారిస్తున్నారా? ఉపదేశకుని ప్రశ్నించే స్వేచ్ఛ ఉందా? గృహానికి తిరిగి వచ్చిన పిదప నిద్ర తప్పినా, దాహం పుట్టినా, మనస్సు కలత చెందినా ఎవరి వద్దకు వెళ్లగలను? అట్టి స్థితిలో వైద్యుని దర్శించడం సాధనకు భంగం కాదు. శరీరరక్షణ ధర్మంలో భాగమే. ఈ ప్రశ్నలకు సదుత్తరం లభించిన చోట శిబిరం సాధనకు సోపానం అవుతుంది. లభించని చోట, గృహంలోనే యమనియమాలను, మితాహారాన్ని, నిత్యజపాన్ని పాటిస్తూ యోగ్యుని కోసం నిరీక్షించడం ఉత్తమం. మూలాధారంలో నిద్రించే ఆ తల్లికి తొందర లేదు, తొందర సాధకునిదే.