మాయకోణం – కరగని మాంసకృత్తుల కథ

కోడిగుడ్డును ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. దానిని తిరిగి నీటిలో కరిగించలేము. మాంసకృత్తుల నిర్మాణాన్ని తెలుసుకోగోరిన శాస్త్రజ్ఞులకు చాలాకాలం ఇటువంటి చిక్కే అడ్డు తగిలినది. ఎక్స్-కిరణాలతో పరీక్షించాలంటే మాంసకృత్తి స్ఫటికంగా ఏర్పడాలి. 1958లో కెండ్రూ బృందం మయోగ్లోబిన్ రూపాన్ని చూపినది ఈ పద్ధతిలోనే. మరి స్ఫటికం కానిది, నీటిలో కరగనిది అయితే ఏమి చేయాలి? 1906లో అల్‌జైమర్ వర్ణించిన మతిమరపు వ్యాధిలో మెదడులో పేరుకొనే పోగులు ఇటువంటివే.

దీనికి తోడ్పడిన సాధనం మరొక దారిన వచ్చినది. కొన్ని పరమాణు కేంద్రకాలు చిన్న అయస్కాంతాల వలె ప్రవర్తిస్తాయి. వాటిని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, తగిన పౌనఃపున్యం గల రేడియో తరంగాలను పంపితే ఆ శక్తిని గ్రహిస్తాయి. దీనిని కేంద్రక అయస్కాంత అనునాదం అంటారు. 1946లో బ్లాక్ నీటిలోను, పర్సెల్ పారఫిన్ మైనంలోను దీనిని చూపినారు. ఇద్దరికీ 1952లో నోబెల్ బహుమతి లభించినది. కేంద్రకం చుట్టూ ఉన్న పరిసరాలను బట్టి ఈ పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. కాబట్టి వర్ణపటంలోని ఒక్కొక్క గీత ఒక్కొక్క పరమాణువు చిరునామా వంటిది.

అయితే ద్రవాలలో సన్నగా కనిపించే ఈ గీతలు ఘనపదార్థాలలో వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. కారణమేమి? ద్రవంలో అణువులు అన్ని దిక్కులకూ దొర్లుతుంటాయి. అందుచేత దిక్కును బట్టి మారే ప్రభావాలు సగటున సున్న అవుతాయి. ఘనంలో అణువులు కదలవు, ఆ ప్రభావాలు అలాగే నిలిచిపోతాయి.

అణువు దొర్లకపోతే పదార్థాన్నే తిప్పరాదా? 1958లో బ్రిటనులో ఆండ్రూ, ఆయన సహచరులు ఉప్పు స్ఫటికాన్ని వేగంగా తిప్పి, గీత సన్నబడగలదని చూపినారు. 1959లో అమెరికాలో లోవ్ కూడా విడిగా ఇదే దారి పట్టినాడు. అయితే ఇరుసు క్షేత్రంతో 54.7 డిగ్రీల కోణం చేయాలి. ఆ కోణపు కొసైన్ వర్గాన్ని 3తో గుణించి 1 తీసివేస్తే సున్న వస్తుంది. దీనికే 'మాయకోణం' అనే పేరు వచ్చినది.

ఇందులో మాయ ఏమీ లేదు. సమఘనంలో ఒక మూల నుండి ఎదుటి మూలకు గీసిన కర్ణం, అంచుతో చేసే కోణం ఇదే. ఆ కర్ణమే ఇరుసుగా సమఘనాన్ని తిప్పితే, ఆ మూల నుండి బయలుదేరే మూడు అంచులూ వంతులవారీగా ఒకదాని స్థానంలోకి మరొకటి వస్తాయి. ఏ దిక్కుకూ పక్షపాతం ఉండదు.

మరొక ఇబ్బంది మిగిలినది. అనునాదం చూపే కర్బనం-13 ప్రకృతిలోని కర్బనంలో నూటికి 1.1 వంతు మాత్రమే. దాని సంకేతం బలహీనం. 1972–73లో పైన్స్, గిబ్బీ, వా హైడ్రోజన్ కేంద్రకాల బలాన్ని కర్బనానికి అరువిప్పించే పద్ధతిని రూపొందించినారు. 1976లో షేఫర్, స్టెయిస్కల్ దీనిని మాయకోణ భ్రమణంతో జోడించినారు. తరువాత కర్బనం-13, నత్రజని-15 గల ఆహారంపై బాక్టీరియాను పెంచి, వాటిచేత మాంసకృత్తులను తయారు చేయించుట అలవాటైనది.

2002లో ఫలితం కనిపించినది. బెర్లిన్‌లో ఓష్కినాట్ బృందం, స్పెక్ట్రిన్‌లోని 62 అమినో ఆమ్లాల భాగానికి ఘనస్థితిలోనే నిర్మాణం నిర్ణయించినది. అదే సంవత్సరం అమెరికాలో టైకో బృందం, అల్‌జైమర్ పోగులలోని 40 అమినో ఆమ్లాల గొలుసులకు నమూనా ప్రకటించినది. గొలుసులు ఒకే దిశలో, ప్రక్కప్రక్కన పేర్చినట్లు ఉన్నవి. 2013లో మరొక సంగతి తెలిసినది. ఇద్దరు రోగుల మెదడు కణజాలాన్ని 'విత్తనం'గా వాడి పెంచిన పోగులకు రెండు వేరువేరు రూపాలు ఉన్నవి. గొలుసు ఒకటే, మడత వేరు! వ్యాధి అందరిలో ఒకే తీరుగా ఎందుకు ఉండదో వెదకుటకు ఇదొక దారి.

నేడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కూడా ఈ పనిలో పాలుపంచుకొంటున్నది. పదార్థాన్ని తిప్పే గొట్టాలు సెకనుకు లక్షకు పైగా చుట్లు తిరుగుతున్నవి. ఉపాధ్యాయులు అట్టతో సమఘనం చేయించి, ఎదురెదురు మూలల గుండా పుల్ల గుచ్చి తిప్పించవచ్చును. తరగతిలో నేర్చిన క్షేత్రగణితం రోగి మెదడులోని పోగు దాకా ఎలా చేరినదో విద్యార్థి అప్పుడు తన కళ్ళతో చూస్తాడు.