న్యాయస్థానము నుండి పత్రికాలయమునకు

జూజువాడి మొదలు కృష్ణగిరి వరకు గల తెలుగుపల్లెలకు సుపరిచితమైన గ్రామము తొరపల్లి. హోసూరు చేరువనున్న యీ గ్రామమున 1878లో, మునసబుగారింట, చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించిరి. సేలములో వకీలుగా పేరొందిన వీరు సహాయనిరాకరణోద్యమముతో వృత్తిని పరిత్యజించిరి. 1922లో గాంధీమహాత్ముడు చెరసాలకేగిన పిమ్మట కొంతకాలము యంగ్ ఇండియాకు సంపాదకత్వము వహించిరి. తరువాత తిరుచ్చెంగోడు ఆశ్రమము నుండి మద్యనిషేధ ప్రచారమునకై విమోచనమను తమిళపత్రికను వెలువరించిరి.

ఆ కాలముననే టంగుటూరి ప్రకాశం పంతులుగారును న్యాయవాదమును వీడి పత్రికను చేపట్టిరి. అయితే వారు చెల్లించిన మూల్యము మిక్కిలి హెచ్చు. రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా నున్నపుడు వారికి హైకోర్టులో వాదించు నర్హత లేకుండెను. ఆ యడ్డు దాటుటకే సీమకేగి బారిష్టరై, 1907లో మద్రాసున వృత్తి నారంభించిరి. అంత శ్రమపడి సంపాదించిన యర్హతను పదునాలుగేండ్లకే వదలుకొనుట సామాన్యవిషయము గాదు. లా టైమ్స్ అను న్యాయశాస్త్రపత్రికను నడపియుండిరి గనుక అచ్చుకూటపు సందడి మాత్రము వారికి క్రొత్త గాదు.

1921లో స్వరాజ్య యను ఆంగ్ల దినపత్రిక వెలువడెను. న్యాయవాదికి కక్షిదారు రుసుము తెచ్చియిచ్చును. పత్రికాధిపతియింటికి కాగితపు వర్తకుని బిల్లు వచ్చును. ఈ భేదమును పంతులుగారు లెక్కింపలేదు. వకీలుగా ఆర్జించిన యాస్తి పత్రికలో కరగిపోయెను. సిబ్బందికి జీతములు సకాలమున అందెడివి కావు. ఐనను ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు ప్రభృతులు అచట పనిచేసి, పిమ్మట దేశమున పేరెన్నికగన్న సంపాదకులైరి. 1936లో పత్రిక నిలిచిపోయెను. వ్యాపారదృష్టితో చూచిన పంతులుగారి లెక్క తప్పినదనవలయును. కాని ఆంధ్రులకు అట్టి పత్రికాపాఠశాల మఱియొకటి యెచట దొరకెడిది?

మరుసటి యేట, 1937లో, రాజాజీ మంత్రివర్గమున ప్రకాశంగారు రెవెన్యూ మంత్రియైరి. ఇద్దఱి నడుమ రాజకీయ వైషమ్యము లెన్నియో కలవు. అవి యిచట అప్రస్తుతములు. పంతులుగారు 1957లో దివంగతులైరి. దానికి ముందటి యేడు, వారి పత్రికలో నాడు పనిచేసిన ఖాసా సుబ్బారావుగారు రాజాజీ ప్రాపుతో మద్రాసున ఒక ఆంగ్ల వారపత్రికను స్థాపించిరి. దాని పేరును స్వరాజ్యయే. తొరపల్లిలో పుట్టిన యా పూర్వపు వకీలు తమ వార్ధక్యమున ఏండ్ల తరబడి అందు వ్రాయుచు వచ్చిరి.