పానా పట్టిన చేతులు

ముస్లింల చరిత్ర అనగానే పుస్తకాలు నవాబుల దగ్గరికి పోతాయి. కర్నూలుకొస్తే అబ్దుల్ వహాబ్ గుమ్మటం చూపిస్తాయి. 1839లో కుంపిణీవాళ్లు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించారనీ, కోటలో దాచిన ఫిరంగులు బయటపెట్టారనీ చెబుతాయి. ఆ ఫిరంగులు పోతపోసిన వాళ్లెవరో మాత్రం చెప్పవు. మాలో చాలామందికి ఏనాడూ జాగీర్లు లేవు. మాకున్నది చేతిపని. దూదేకడం, కళాయి పూయడం, గుర్రాలకు లాడాలు కొట్టడం, జట్కా తోలడం. మోటారు వచ్చాక ఆ చేతుల్లోకి పానా వచ్చింది. మా చరిత్ర రాయాలంటే అక్కణ్ణుంచీ రాయాలి.

ఆత్మకూరు అందుకు తగిన ఊరు. కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు నల్లమలలోకి దూరే ముందు తగిలే పెద్ద ఊరు ఇదే. ఇది దాటితే దోర్నాల దాకా అడవే. అడవిలో బండి ఆగితే అడిగే నాథుడుండడు. అందుకే ఇలాంటి ఊళ్లో మెకానిక్ మాటకు విలువ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు కరువొచ్చి మద్రాసు రాష్ట్రంలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక జీపులొచ్చాయి. తర్వాత అంబాసిడర్లు, ఫియట్లు, 1983 చివర్లో మారుతీలు. బళ్లు మారినా రేకుల షెడ్డు మారలేదు. మట్టినేల, నూనె మరకలు, గోడకు వరసగా పానాలు.

బండి స్టార్టు కావడం లేదని తీసుకొస్తే ఉస్తాద్ మొదట బానెట్ ఎత్తడు. "సెల్ఫ్ కొట్టు" అంటాడు. చెవి ఒగ్గుతాడు. టక్కుమని ఆగిపోతే బ్యాటరీ వైపు చూస్తాడు. హారను నీరసంగా మోగినా, లైట్లు మసకబారినా అనుమానం అక్కడే. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి చిలుమును వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే ఒక్కోసారి అంతటితోనే బండి లేస్తుంది. లైట్లు బాగుండి సెల్ఫ్ మూగబోతే ఎర్తు తీగ చూడాలి, ఆ తర్వాత సాలెనాయిడ్.

ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు. అప్పుడు రెండు ప్రశ్నలు. కరెంటు వస్తోందా? పెట్రోలు వస్తోందా? ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టిస్తే నీలంగా రవ్వ దూకాలి. దూకకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూస్తాడు. అంబాసిడర్ పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. గేజి లేనిచోట అగ్గిపెట్టె అట్టతో సరిచూసేవాళ్లు. రవ్వ బాగుంటే పెట్రోలు దారి పడతాడు. మా సీమ ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరైపోయేది, పంపు లాగలేకపోయేది. పంపుకు తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగితే చాలు. ఈ గుట్టు తెలియనివాడు కొత్త పంపు కొనిపిస్తాడు.

లక్షణం నుంచి కారణానికి పోవడం, కానిదాన్ని ఒక్కొక్కటే తీసేయడం. హకీం నబ్జ్ చూసి చేసేదీ ఇదే. అది ఇల్మ్ అయినప్పుడు ఇది ఎందుకు కాదు? కాగితం మీద రాయలేదు గనకా? నూనె చేతులతో నేర్చుకున్నారు గనకా?

ఈ షెడ్డుకో భాష ఉంది. "దస్-గ్యారా తే", "బారా-తేరా ఇటివ్వు", "ధక్కా కొట్టండి". ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లవాడూ పానాల నంబర్లు ఉర్దూలో నేర్చుకుంటాడు. ఉర్దూ రాదని దూదేకుల వాళ్లను చిన్నచూపు చూసే సయ్యదు, షేకుల ఇళ్లున్నాయి. షెడ్డులో ఆ తేడా నిలవలేదు. పని తెలిసినవాడే ఉస్తాద్. అయితే ఇదంతా ముచ్చట కాదు. పదేళ్ల పిల్లవాడు బడి మాని పానా పట్టడం మా పేదరికం. దాన్ని గొప్పగా చెప్పుకోలేం.

2006లో సచార్ కమిటీ ఇదే లెక్కల్లో చెప్పింది. 2001 జనాభాలో ముస్లింలు 13.4 శాతం, ఐఏఎస్‌లో 3 శాతం, రైల్వే ఉద్యోగాల్లో 4.5 శాతం. మావాళ్లు ఎక్కువగా చేసే పనుల్లో మోటారు రిపేరు ఒకటని కూడా చెప్పింది. తలుపులు మూసినవాళ్లే ఇప్పుడు "పంక్చర్లు వేసుకునేవాళ్లు" అని నవ్వుతారు. పంక్చరు వేయడం తప్పెప్పుడయింది?

శ్రీశైలం పోయే కార్లు ఆత్మకూరు మీదుగా వెళ్తాయి. శివరాత్రికి కాలినడక భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు దారి పడతారు. ఆగిన కారును కదిలించేటప్పుడు మెకానిక్ యజమాని మతం అడగడు, యజమానీ అడగడు. మరి 2015లో ప్రభుత్వం ఏం చేసింది? దేవస్థానాల దుకాణాలు హిందువులకే ఇవ్వాలని జీవో 426 తెచ్చింది. 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి అంగళ్లు నడుపుకుంటున్న ముస్లింలు సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. మతం పేరుతో వేలం నుంచి ఎవర్నీ తప్పించొద్దని 2021 డిసెంబరులో ఆ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. రోడ్డు నేర్పిన పాఠం చెప్పడానికి సుప్రీంకోర్టు కావలసి వచ్చింది.

ఇప్పుడు ఇంకో తలుపు మూసుకుంటోంది. కార్బురేటర్ పోయింది, పాయింట్లు పోయాయి. తాళంచెవిలో చిప్పు, బానెట్ కింద కంప్యూటరు. చిప్పును బండి గుర్తుపట్టకపోతే ఎంత గొప్ప చెవికైనా జబ్బు వినపడదు. స్కానరు పెట్టాలి. ఆ స్కానరు, ఆ చదువు కంపెనీ షోరూముల్లో ఉన్నాయి. స్కానరు తప్పు నంబరు చూపిస్తుంది. తీగ తెగిందా, సెన్సరు పోయిందా, ఎలుక కొరికిందా తేల్చాల్సింది మాత్రం మనిషే. ఆ తేల్చే తెలివి మా షెడ్లలో ఉంది. దానికి ఐటీఐలో సీటు, బ్యాంకులో అప్పు, చేతిలో సర్టిఫికెట్ కావాలి. మేము అడిగేది దయ కాదు, మేము చేసిన పనికి విలువ. ముసలి ఉస్తాదులు పోకముందే వాళ్ల మాటలు రాసిపెట్టుకుందాం. ఫిరంగులు పోసినవాళ్ల పేర్లు పోయినట్టు వీళ్ల పేర్లు పోనివ్వొద్దు.